అమ్మానాన్నలతో, పిల్లలతో ఆబూ కొండ, జోధ్‌పూర్, జైసల్మేర్: బెంగళూరు నుంచి ఎలా వెళ్లాలంటే

రాజస్థాన్ అనగానే ట్రావెల్స్ వాళ్లు జైపూర్‌తో మొదలుపెట్టి ఉదయ్‌పూర్, పుష్కర్, బికనీర్ అన్నీ ఒకే కాగితంలో కుక్కి చేతిలో పెడతారు. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు, అరగంటకోసారి "ఇంకెంత దూరం" అని అడిగే పిల్లలు ఉంటే ఆ కాగితం పక్కన పడేయండి. మూడే ఊళ్లు పెట్టుకోండి. కొండకి మౌంట్ ఆబూ, పాత ఊరికి జోధ్‌పూర్, ఎడారికి జైసల్మేర్. అహ్మదాబాద్‌లో దిగి ఉత్తరానికి, అక్కడి నుంచి పడమరకి పోతూ ఉంటే మూడూ ఒక దారిలో వచ్చేస్తాయి, వెళ్లిన దారినే వెనక్కి తిరిగే బాధ చివర్లో ఒక్కసారే. ఎనిమిది రోజులు పడుతుంది. జైపూర్ ఎక్కడికీ పోదు, ఇంకోసారి చూసుకోవచ్చు.

ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరో వాళ్ల నడకని బట్టే మొత్తం ప్లాన్ వేయాలి. రోజుకి ఒక్కటే పెద్ద చోటు, అదీ పొద్దున్నే. భోజనం అయ్యాక రెండు గంటలు రూమ్‌లో నడుం వాల్చడం, సాయంత్రం ఏదైనా చిన్నది, లేదంటే ఉత్తినే బజారు. ఇది మీ ఆఫీసు ఫ్రెండ్స్‌కి చెబితే నవ్వుతారు, "అంత దూరం వెళ్లి పడుకుంటారా" అంటారు. వాళ్లు వాళ్ల మామగారితో వెళ్లలేదు.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా. దసరా సెలవులకి పోదామని పిల్లలు గొడవ చేస్తారు కానీ అక్టోబరులో జైసల్మేర్ మధ్యాహ్నాలు ఇంకా మండుతూనే ఉంటాయి. దీపావళి వారం అసలు వద్దు, గుజరాత్ సగం ఆబూ మీదే ఉంటుంది. గుజరాత్‌లో మద్యనిషేధం కాబట్టి తాగడానికి వచ్చేవాళ్లతో మామూలు శనాదివారాల్లో కూడా ఆబూలో జనం తక్కువేం ఉండరు, అందుకని ఆబూ మజిలీ వారం మధ్యలో పడేట్టు చూసుకోండి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా రూముల రేట్లు వింటే గుండె ఆగుతుంది. సంక్రాంతికి ఎలాగూ మన ఊరెళ్లాలి. ఇక మిగిలింది డిసెంబరు మొదటి సగం, జనవరి చివరి వారం, ఫిబ్రవరి. రిపబ్లిక్ డే శుక్రవారమో సోమవారమో పడిన ఏడాది అయితే లీవులు కలిసొస్తాయి. స్కూల్లో నాలుగు రోజులు సెలవడగడానికి మొహమాటపడకండి, పదో తరగతి పిల్లలుంటే తప్ప.

ఇంకో సంగతి, గోడ మీద క్యాలెండర్ తీసి తిథి చూడండి. ఎడారిలో ఉండే రాత్రి అమావాస్యకి దగ్గరగా ఉంటే ఆకాశం నిండా చుక్కలు. పౌర్ణమికి దగ్గరగా ఉంటే చుక్కలు పెద్దగా కనిపించవు కానీ ఇసుక తెల్లగా మెరుస్తుంది, పెద్దవాళ్లకి నడవడానికి వెలుతురు కూడా ఉంటుంది. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. మాఘ పౌర్ణమికి ముగిసేట్టు జైసల్మేర్‌లో మూడు రోజులు మరు మహోత్సవం చేస్తారు. తలపాగాల పోటీలూ, ఒంటెల పరుగులూ చూడాలనుకుంటే అప్పుడు వెళ్లండి, కానీ రూములు చాలా ముందే పట్టుకోవాలి.

టికెట్లు, బండి

బెంగళూరు నుంచి జోధ్‌పూర్‌కి నేరుగా రైలు ఉంది. హుబ్బళ్లి, పుణె, అహ్మదాబాద్ మీదుగా పోయి ఆబూ రోడ్ స్టేషన్‌లో ఆగుతుంది. వారంలో కొన్ని రోజులే. రెండు రాత్రులు రైల్లో గడపాలి. పిల్లలకి అదో పండగ, పెద్దవాళ్లలో కొందరికి విమానం కంటే ఇదే హాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది, అందరినీ ఒకే టికెట్‌లో పెడితే సీనియర్ సిటిజన్ల లోయర్ బెర్త్ కోటా రాదు. అమ్మానాన్నలిద్దరికీ విడిగా ఒక టికెట్ తీసి ఆ కోటాలో బుక్ చేయండి, మిగతావాళ్లకి వేరే టికెట్. బోగీ వేరైనా ఫర్వాలేదు, ఎక్కాక ఎవరో ఒకరు మార్చుకుంటారు. అర్ధరాత్రి నాన్నని పై బెర్త్ ఎక్కించడం కంటే అది నయం.

విమానమైతే అహ్మదాబాద్‌కి పొద్దున్నే ఉండేది పట్టుకోండి. జోధ్‌పూర్‌కి, జైసల్మేర్‌కి నేరుగా వెళ్లేవి సీజన్‌ని బట్టి వస్తుంటాయి, పోతుంటాయి, వాటి మీద ప్లాన్ కట్టకండి. తెల్లవారుజామున బయల్దేరితే వైట్‌ఫీల్డ్ నుంచైనా ఎలక్ట్రానిక్ సిటీ నుంచైనా దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్‌కి ట్రాఫిక్ గొడవ ఉండదు. పెద్దవాళ్లకి వీల్‌చైర్ టికెట్ తీసేటప్పుడే అడగండి. "నాకెందుకు కుర్చీ, నేనేమైనా రోగినా" అని నాన్న కోప్పడతారు. గేటు ఎంత దూరమో చూశాక ఆయనే కూర్చుంటారు. వాళ్లు కడప నుంచో నంద్యాల నుంచో వస్తుంటే బెంగళూరులో ఒక రోజైనా విశ్రాంతి తీసుకునేలా ముందే పిలిపించుకోండి. రాత్రి బస్సు దిగి పొద్దున విమానం ఎక్కడం వద్దు.

అహ్మదాబాద్ నుంచి ఆబూ 220 కిలోమీటర్ల పైచిలుకు. ఆరుగురు దాటితే టెంపో ట్రావెలర్, లేదంటే ఇన్నోవా సరిపోతుంది. ఆ బండిని జోధ్‌పూర్ దాకా ఉంచుకుని అక్కడ వదిలేయండి. జోధ్‌పూర్, జైసల్మేర్ పాత వీధుల్లోకి కార్లు దూరవు, ఊరికే పార్కింగ్‌లో నిలబెట్టి రోజు కూలీ కట్టినట్టవుతుంది, అక్కడ ఆటోలే దిక్కు. బేరం కుదిరాక ఫోన్లో అన్నమాట మీద ఆగిపోకండి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా ఎంత, టోల్, పార్కింగ్, రాజస్థాన్ పన్ను ఎవరిది, బండి ఖాళీగా వెనక్కి వెళ్లే డబ్బు ఇందులో కలిసే ఉందా... ఇవన్నీ వాట్సాప్‌లో ఒక్క మెసేజ్‌గా రాయించుకోండి. గొడవలన్నీ చివరి రోజు ఆ ఖాళీ ప్రయాణం దగ్గరే వస్తాయి.

దారిలో అంబాజీ ఉంది, ఆబూ రోడ్‌కి దగ్గరే. శక్తిపీఠం, గర్భగుడిలో విగ్రహం ఉండదు, యంత్రానికే పూజ. అత్తగారు వెంట ఉంటే అక్కడ ఆపకుండా పోలేరు కాబట్టి ఆ గంటన్నర ముందే లెక్కలో వేసుకోండి.

ఆబూ కొండ

"అంత ఎత్తులో ఊపిరాడుతుందా" అని బీపీ ఉన్నవాళ్లు భయపడతారు. ఊరు ఉన్నది 1,200 మీటర్ల ఎత్తున, మన బెంగళూరే 900 మీటర్లు. ఆరావళి మొత్తంలో ఎత్తైన గురు శిఖర్ కూడా 1,722 మీటర్లే. ఊపిరికి భయం లేదు, మలుపులకే భయం. ఆబూ రోడ్ నుంచి పైకి దాదాపు 28 కిలోమీటర్లు ఘాట్, తిరుమల ఎక్కినట్టే ఉంటుంది. వాంతులయ్యే పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి, ఫోన్ లాగేసుకోండి, కడుపు నిండా తినిపించి ఎక్కించకండి.

అక్కడ చూడాల్సింది దిల్వారా జైన దేవాలయాలు. మిగతావన్నీ తర్వాతే, నక్కీ చెరువులో పడవ షికారుతో సహా. పొద్దున పూజల సమయం, సందర్శకుల్ని మధ్యాహ్నం 12 నుంచి రానిస్తారు. ఫోన్లు, కెమెరాలు, తోలు బెల్టులు, పర్సులు లోపలికి పట్టుకెళ్లనివ్వరు, అన్నీ రూమ్‌లోనే పెట్టి వెళ్తే బయట లైన్లో నిలబడే పని తప్పుతుంది. బయట నుంచి చూస్తే ఏమీ ఉండదు, మామూలు గోడలు, "దీనికోసమా ఇంత దూరం" అనిపిస్తుంది. లోపలికి అడుగు పెట్టి తల పైకెత్తాలి. విమల వసహి 1031 నాటిది, సోలంకి రాజు భీమదేవుడి మంత్రి విమల్ షా కట్టించాడు. పక్కనే లూణ వసహి 1230లో వస్తుపాల, తేజపాల అనే అన్నదమ్ములు కట్టించింది. దాని మండపం కప్పులో పాలరాతి పువ్వు ఒకటి కిందికి వేలాడుతూ ఉంటుంది, రేకులు ఎంత పలుచగా చెక్కారంటే వెలుతురు పడితే రాయి అవతలి వైపు కూడా వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. అదే గుడిలో ఎదురెదురుగా రెండు గూళ్లున్నాయి, ఆ అన్నదమ్ముల భార్యల పేరు మీద, తోడికోడళ్ల గూళ్లని గైడ్లు చెబుతారు. ఎవరిది ఎక్కువ బాగుందో తేల్చడానికి మా ఇంటి తోడికోడళ్లు చాలాసేపు నిలబడ్డారు, తేలలేదు. గుడిలో నేల చల్లగా ఉంటుంది, చెప్పులు విప్పాలి కదా, పెద్దవాళ్లకి సాక్సులు తొడగండి.

రాత్రుళ్లు చలి గట్టిగానే ఉంటుంది, డిసెంబరు, జనవరిల్లో ఒక్కోసారి సున్నాకి దగ్గరగా పోతుంది. బెంగళూరు చలి చూశాంలే అనుకోకండి.

అక్కడి నుంచి జోధ్‌పూర్‌కి రెండు దారులు. ఓపిక ఉంటే రణక్‌పూర్ మీదుగా, పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి చేరతారు. 15వ శతాబ్దపు జైన దేవాలయం, 1,444 స్తంభాలు అంటారు, లెక్కపెట్టమని పిల్లలకి పందెం వేస్తే గంటసేపు మీకు ప్రశాంతత. అక్కడ కూడా సందర్శకులకి మధ్యాహ్నం నుంచే, గుడి భోజనశాలలో వేడి భోజనం దొరుకుతుంది. ఓపిక లేకపోతే నేరుగా వెళ్లిపోండి, 260 కిలోమీటర్ల పైన. దిల్వారా చూశాక రణక్‌పూర్ చూడకపోయినా కొంపేం మునగదు.

జోధ్‌పూర్

మెహ్రాన్‌గఢ్ కోట 1459లో రావ్ జోధా మొదలుపెట్టింది. ఎక్కడం గురించి టెన్షన్ వద్దు, లిఫ్ట్ ఉంది, దానికి వేరే టికెట్. పెద్దవాళ్లు లిఫ్ట్‌లో పైకి వెళ్లి నెమ్మదిగా కిందికి దిగుతూ రావచ్చు, మీరు పిల్లల్ని తీసుకుని వాలుదారిలో ఎక్కండి, ఎందుకంటే ఆ దారిలోనే అసలు కథ ఉంది. ద్వారం ముందు దారి ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది, ఏనుగు వేగం అందుకుని వచ్చి తలుపుని గుద్దకుండా అలా కట్టారు, తలుపులకి ఇనుప మేకులు కూడా. గోడ మీద ఫిరంగి గుండ్లు తగిలిన గుంటలు కనిపిస్తాయి. లోహ్‌పోల్ అనే ద్వారం దగ్గర గోడకి చిన్న చిన్న చేతిముద్రలు, ఎర్రటి సిందూరం పూసి ఉంటాయి, సతికి వెళ్లిన రాణులవి. "ఎవరి చేతులమ్మా ఇవి, ఇంత చిన్నగా ఉన్నాయి" అని పిల్లలు అడుగుతారు. ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్లండి.

నీలం ఇళ్లు కోట మీద నుంచి చూస్తే చాలదు, కోట వెనకవైపు బ్రహ్మపురిలో నడవాలి, పొద్దున తొమ్మిదిలోపు. జనం కాపురాలుండే వీధులవి, గుమ్మంలో కూర్చున్నవాళ్లని అడక్కుండా ఫొటో తీయకండి. సాయంత్రం ఘంటాఘర్, అంటే గడియార స్తంభం దగ్గరి బజారు. అక్కడి మిర్చి వడ మన మిరపకాయ బజ్జీలాగే కనిపిస్తుంది కానీ లోపల బంగాళదుంప కూర దట్టించి ఉంటుంది, ఒకటి తింటే రాత్రి భోజనం సగం అయినట్టే. మఖనియా లస్సీ చెంచాతో తినాల్సినంత చిక్కగా ఉంటుంది.

ఒక పూట మిగిలితే బజారు కంటే ఖేజర్లీ వెళ్లమంటాను, ఊరికి పాతిక కిలోమీటర్లు. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు కట్టెల కోసం చెట్లు నరకడానికి వస్తే అమృతాదేవి అనే ఆవిడ, చెట్లు నరకనివ్వని బిష్ణోయి శాఖ మనిషి, చెట్టుని కావలించుకుని అడ్డం నిలబడింది, ఆమెని చూసి మిగతావాళ్లు, మొత్తం 363 మంది చనిపోయారు. వాళ్లు కాపాడిన ఖేజ్రీ చెట్టు ఏదో కాదు, మనం దసరాకి పూజ చేసే జమ్మి చెట్టే. ఇది చెప్పగానే మా అత్తగారు కారు ఆపించి దిగి ప్రదక్షిణం చేసి వచ్చారు. హోటల్లో ప్లేట్‌లో వచ్చే కేర్ సాంగ్రీ కూరలో సాంగ్రీ అంటే ఈ జమ్మి కాయలే.

తిండి గురించి ఇక్కడే చెప్పేస్తాను. పిల్లలకి ఏ ఇబ్బందీ ఉండదు, పెద్దవాళ్లకి మూడో రోజు నుంచి అన్నం మీద బెంగ మొదలవుతుంది. జీరా రైస్ తెచ్చి అన్నం అంటారు. రాయలసీమ వైపు పెద్దవాళ్లయితే సజ్జ రొట్టె చూసి సంతోషిస్తారు, కఢీ మన మజ్జిగ పులుసుకి దగ్గరగానే ఉంటుంది, అయినా పెరుగన్నం పెరుగన్నమే. చిన్న రైస్ కుక్కర్, రెండు కిలోల సోనా మసూరి, కందిపొడి, ఆవకాయ సంచిలో పడేయండి, హోటల్ వాళ్లని అడిగి ప్లగ్ పెట్టుకోండి. పెరుగు ఎక్కడైనా దొరుకుతుంది.

జైసల్మేర్, ఇసుక

జోధ్‌పూర్ నుంచి 280 కిలోమీటర్లు, రైల్లోనో కారులోనో ఐదారు గంటలు. 1156లో రావల్ జైసల్ కట్టిన కోట ఇది. ఇప్పటికీ లోపల జనం కాపురం ఉంటున్నారు, చీరలు ఆరేసుకుంటారు, స్కూటర్లు తిరుగుతాయి. 2013లో రాజస్థాన్ కొండకోటలతో పాటు యునెస్కో జాబితాలో చేరింది. కోట లోపల హోటళ్లున్నాయి, బాల్కనీ ఫొటోలు చూసి మనసు లాగుతుంది కానీ తీసుకోకండి. కొళాయిలు, బాత్‌రూములు పెరిగి వాడిన నీళ్లన్నీ పునాదుల్లోకి ఇంకి ఆ కొండ మెత్తబడుతోంది, కొన్ని బురుజులు కూలిన సందర్భాలూ ఉన్నాయి. కింద ఊళ్లో రూమ్ తీసుకుంటే కోట మీకు కిటికీలోంచి కనిపిస్తుంది, పైగా పెద్దవాళ్లు రాళ్ల దారిలో రోజుకి రెండుసార్లు ఎక్కి దిగే పని లేదు. చూడటానికి వెళ్లే రోజు ఆటో ఎంత పైదాకా వెళ్తే అంతదాకా ఎక్కించుకోండి.

మరీ చవగ్గా రూమ్ ఇస్తామంటే అనుమానించండి. దిగాక సఫారీ వాళ్ల దగ్గరే తీసుకోవాలని వెంటపడతారు, కాదంటే మొహం మాడ్చుకుంటారు. కోట దగ్గర ప్రభుత్వ అనుమతితో నడిచే భాంగ్ (గంజాయి ఆకు) దుకాణం ఉంది, లస్సీ కొట్టే కదా అని పిల్లల్ని తోలుకుపోకండి.

ఎడారికి సామ్, ఊరికి 40 కిలోమీటర్లు. ఖూరీ ఇంకాస్త దూరం, జనం తక్కువ. సామ్‌లో వరసగా టెంట్ల క్యాంపులు, ఒకదాని డీజే ఇంకోదానికి వినిపిస్తుంది. హడావుడి కావాలంటే సామ్, నిద్ర కావాలంటే ఖూరీ. బుక్ చేసేముందు ఇవి అడగండి: బాత్‌రూమ్ టెంట్‌లోనే ఉందా, వేడినీళ్లు ఏ టైముకి, పాట ఎన్నింటికి ఆపుతారు, ఒంటె సవారీ ప్యాకేజీలో ఉందా, ఇసుక తిన్నెలు నడిచే దూరంలోనే ఉన్నాయా. జీపులో తిన్నెల మీద ఎగిరించే సవారీ నడుం నొప్పి ఉన్నవాళ్లకి వద్దు, ఎంత బతిమాలినా వద్దు.

ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు లేపుతుంది. మీరు ఒక్కసారిగా ముందుకి, దాని మెడ మీదికి తూలిపోతారు. అందుకని ఎక్కగానే రెండు చేతులా జీను పట్టుకుని బాగా వెనక్కి వాలండి, ఆ తర్వాత ముందు కాళ్లు లేస్తాయి, సర్దుకుంటుంది. కూర్చునేటప్పుడు ముందు మోకాళ్లు మడుస్తుంది, మళ్లీ ముందుకే తూలుతారు, మళ్లీ వెనక్కే వాలాలి. ఈ లేవడం, కూర్చోవడంలోనే జనం పడేది, నడకలో ఏమీ కాదు. పిల్లల్ని ఒంటరిగా ఎక్కించకండి. పెద్దవాళ్లకి ఒంటె బండి ఉంటుంది, పరుపు వేసి, కాళ్లు చాపుకుని దర్జాగా కూర్చోవచ్చు.

సూర్యుడు దిగగానే చలి ఎంత త్వరగా పడుతుందో చూస్తే నమ్మబుద్ధి కాదు. గాలిలో తేమ ఉండదు, ఆకాశం మబ్బు లేకుండా తెరిచి ఉంటుంది, ఇసుక పట్టుకున్న వేడి గంటలో వదిలేస్తుంది. మధ్యాహ్నం పల్చటి చొక్కాతో తిరిగినవాళ్లు రాత్రి ఏడెనిమిది డిగ్రీల్లో వణుకుతారు. మంకీ క్యాపులు, సాక్సులు, శాలువాలు టెంట్‌లో కాదు, చేతి సంచిలో ఉండాలి. పెదవులు పగులుతాయి, వాజలీన్ మర్చిపోకండి. పొద్దున సూర్యోదయం కోసం ఐదింటికి అలారం పెట్టకండి, జైసల్మేర్ దేశానికి బాగా పడమటి అంచు, జనవరిలో ఏడున్నర అయితే గానీ సూర్యుడు రాడు. ఎవరి నిద్రా పాడవదు.

క్యాంపు రాత్రిని తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి పెట్టకండి. క్యాంపు అయ్యాక ఊళ్లో ఇంకో రాత్రి ఉండండి. వేడినీళ్ల స్నానం, మెత్తటి మంచం, మధ్యాహ్నం నిద్ర లేచాక పట్వాల హవేలీలు. 19వ శతాబ్దంలో ఒక వ్యాపారి కుటుంబం కట్టుకున్న ఐదు ఇళ్ల వరస అది, ఒకటి చూస్తే చాలు, ఐదూ ఎక్కి దిగితే మోకాళ్లు అరిగిపోతాయి. సరిహద్దు దగ్గరున్న తనోత్ మాత గుడి, లోంగేవాలా యుద్ధభూమి రెండూ కలిపితే రోజంతా కారులోనే. 1971 యుద్ధం అంటే ఇష్టం ఉన్న నాన్నగారు ఉంటే ఆ రోజు ఆయనకి ఇచ్చేయండి, పిల్లలు అమ్మమ్మతో రూమ్‌లో ఉంటారు.

తిరుగు ప్రయాణం రైల్లో జోధ్‌పూర్ దాకా వచ్చి అక్కడి నుంచి విమానం. జోధ్‌పూర్ ఎయిర్‌పోర్ట్ ఊళ్లోనే ఉన్నట్టు లెక్క. అది వైమానిక దళానిది కూడా కాబట్టి అక్కడ ఫొటోలు తీయొద్దని పిల్లలకి ముందే చెప్పండి. నేరు విమానం లేకపోతే ముంబైలోనో ఢిల్లీలోనో మారాలి, మధ్యలో కనీసం మూడు గంటలు ఉండేట్టు చూసుకోండి, వీల్‌చైర్ వచ్చేసరికి ఆలస్యం అవుతుంది. ఆదివారం రాత్రి దిగి సోమవారం పొద్దున ఆఫీసు పెట్టుకోకండి, అమ్మానాన్నల్ని ఊరి బస్సో రైలో ఎక్కించే పని కూడా మీదే కదా.